రద్దయిన స్లాట్

దేవి రికార్డు పుస్తకంలో పన్నెండో పేజీ మీద ఎర్ర సిరాతో పెద్ద సున్నా చుట్టి ఉంది. సున్నా కింద లెక్చరర్ ఒకే ఒక్క మాట రాశాడు: కల్పితం.

డిటెక్టివ్ శైలజ ఆ పేజీలోని అంకెల్ని పైనుంచి కిందికి ఒకసారి, కింద నుంచి పైకి ఒకసారి చదివింది. పదహారేళ్ళు ఫోరెన్సిక్ ల్యాబులో భౌతికశాస్త్ర విభాగంలో పనిచేసి, అది వదిలేసి విజయనగరంలో సొంతంగా ఏజెన్సీ పెట్టుకున్న మనిషి ఆమె. దొంగ అంకెలు ఆమె చాలా చూసింది. దొంగ అంకెలు రాసేవాడు ఎదుటివాడు నమ్మేలా రాస్తాడు. ఈ పేజీని చూసి మాత్రం ఎవరూ నమ్మరు. మార్కుల కోసం అబద్ధం రాయాలనుకున్న పిల్ల ఇలాంటి అబద్ధం ఎందుకు రాస్తుంది?

శైలజ కళింగపట్నం దాటి ఈ మత్స్యకారుల ఊరికి పొద్దున్నే రావడానికి కారణం దేముడమ్మ. నిన్న మధ్యాహ్నం ఆవిడ చెప్పులు గుమ్మం బయటే విడిచి ఆఫీసులోకి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, తన మొగుడు లక్ష్ముడిని పోలీసులు మంగళవారం పట్టుకెళ్ళి ఇంకా వదల్లేదని చెప్పింది. లక్ష్ముడు శ్రీ మాధవాచల ఇంజనీరింగ్ కాలేజీలో అటెండరు. రిమోట్ ల్యాబ్ గది తుడవడం, తాళం వెయ్యడం అతని పని. ఆ గదిలోంచి రేడియోధార్మిక బిళ్ళ ఒకటి పోయింది. తీసింది లక్ష్ముడేనని సీఐ మురళీమోహన్ తేల్చేశాడు.

రిమోట్ ల్యాబ్ అంటే ఏమిటో శైలజకు ముందే తెలుసు. పరికరాలు కొనలేని డిగ్రీ కాలేజీల పిల్లలు తమ ఊళ్ళోనే కూర్చుని, ఫోనులోంచి ఆ గదిలోని అసలు పరికరాల్ని నడుపుతారు. వాళ్ళు తెర మీద నొక్కితే అక్కడ మోటారు తిరుగుతుంది, కెమెరా చూపిస్తుంది, కొలతలు వచ్చి పడతాయి. మనిషికి అరగంట స్లాటు. నాలుగో ప్రయోగంలో మందపాటి సీసపు పెట్టె ఒకటి ఉంటుంది. దాని లోపల రేడియోధార్మిక బిళ్ళ, పెట్టె ముందువైపు గుండుసూది తలంత రంధ్రం, ఎదురుగా రేడియేషన్‌ని లెక్కపెడుతూ పట్టాల మీద కదిలే కౌంటరు గొట్టం. గొట్టాన్ని ఎంత దూరం జరిపితే నిమిషానికి వచ్చే లెక్క అంత పడిపోవాలి. అదే పాఠం.

మంగళవారం ఉదయం వార్షిక తనిఖీకి వచ్చిన అధికారి పెట్టె మూత తీస్తే లోపల ఏమీ లేదు. సోమవారం సాయంత్రం ఐదు దాకా పిల్లలకు లెక్కలన్నీ సరిగ్గానే వచ్చాయి. ఐదూ పదికి లక్ష్ముడు తాళం వేశాడు. మంగళవారం తనిఖీ దాకా ఆ తలుపు ఎవరూ తెరవలేదు. మురళీమోహన్ ఈ మూడు ముక్కలూ కలిపి కేసు ముగించాడు.

శైలజ మాత్రం సోమవారంతో ఆగలేదు. అంతకుముందు రెండు వారాల స్లాట్ల జాబితా తెప్పించుకుంది. రెండువందల పదమూడు స్లాట్లు. అన్నీ పూర్తయినట్టు ఉన్నాయి, ఒక్కటి తప్ప. నవంబరు పదమూడు, గురువారం, ఉదయం పదకొండు గంటల స్లాటు రద్దయింది. ఎందుకో రాయలేదు. విద్యార్థిని పేరు దేవి, డిగ్రీ రెండో సంవత్సరం.

దేవి వాళ్ళ ఇంట్లో సిగ్నల్ ఉండదట. అందుకని ఆమె శైలజను తుఫాను షెల్టర్ మేడ మీదికి తీసుకెళ్ళింది. ప్రయోగాలన్నీ అక్కడే, నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని చేసుకుంటుందట. తల్లి మరిడమ్మ కింద ఎండుచేపలు తిరగేస్తూ, మధ్యమధ్యలో తలెత్తి పైకి చూస్తోంది.

మొదట దేవి పొడిగా జవాబులు చెప్పింది. ఆరోజు తన స్లాటు నిజానికి తొమ్మిదికి. కరెంటు పోయి టవరు పనిచెయ్యలేదు. పదకొండుకి ఖాళీ కనబడితే రెండు నిమిషాల ముందు తన స్లాటును దానికి మార్చుకుంది. పదకొండూ ఒకటికి మొదటి కొలత తొమ్మిదివేల ఎనిమిదివందల పన్నెండు. పదకొండూ మూడుకి తొమ్మిదివేల ఏడువందల నలభై ఐదు. అంతా సజావుగానే ఉంది. పదకొండూ నాలుగుకి తెర మీద బొమ్మ నల్లబడింది. నెట్ పోయిందనుకుంది గాని అంకెలు వస్తూనే ఉన్నాయి. పదకొండూ ఆరుకి అరవై ఒక్కవేలు దాటింది. ఎనిమిదికి ఇరవై నాలుగు. పదికి ఇరవై ఏడు. అక్కణ్ణుంచి చివరి వరకూ ఇరవైలే.

"గొట్టం దగ్గరికి జరిపావా, పదకొండూ ఆరుకి?" అని అడిగింది శైలజ.

"నేదు మేడం. ఉన్న కాడే ఉంచినాను. మూడుసార్లు సూడమని సెప్పినారు కదా, అదే సేస్తన్నాను."

"అరవై ఒక్కవేలు చూసి తప్పనిపించలేదా?"

"అనిపించినాది. పక్కపిల్ల రికార్డు సూసి రాసీమని అందరూ అన్నారు." దేవి పుస్తకం వెనక్కి లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. "నాకు కనబడింది నేను రాసినాను. కనబడంది రాస్తే అది పెయోగం ఎలాగవుతాది?"

ఆ అంకెలు శైలజకు కళ్ళముందు జరిగినట్టే కనిపిస్తున్నాయి. సీసపు పెట్టె మూసి ఉన్నప్పుడు గొట్టానికి చేరేది ఆ సన్నటి రంధ్రంలోంచి వచ్చేది మాత్రమే. మూత తెరిచి బిళ్ళను బయటికి తీస్తే లెక్క ఒక్కసారిగా ఆకాశానికి లేస్తుంది. బిళ్ళ గది దాటిపోతే మిగిలేది నేలా గోడలూ ఇచ్చే ఇరవై, ముప్ఫై. ఈ పిల్ల మేడ మీద కూర్చుని, తనకు తెలియకుండానే ఒక దొంగతనాన్ని నిమిషాలతో సహా రాసిపెట్టింది. దొంగ కెమెరాకు గుడ్డ కప్పాడు. గొట్టం అవతల ఎవరో లెక్క చూసుకుంటున్నారన్న సంగతి వాడికి తట్టలేదు, ఎందుకంటే పదీ యాభై ఎనిమిది దాకా ఆ స్లాటు ఖాళీగానే ఉంది.

అయితే ఒక చిక్కు ఉంది. బిళ్ళ పదమూడునే పోతే, ఇరవై నాలుగో తేదీ సోమవారం వరకూ మిగతా పిల్లలందరికీ సరైన లెక్కలు ఎలా వచ్చాయి?

మధ్యాహ్నం ఒంటిగంటకి ఫోను దగ్గర పెట్టుకుని సిద్ధంగా ఉండమని దేవికి చెప్పి శైలజ కారెక్కింది.

*

రిమోట్ ల్యాబ్ రెండో అంతస్తులో చివరి గది. శైలజ వెళ్ళేసరికి మురళీమోహన్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. రెండేళ్ళ కిందట అతను పెట్టిన ఒక కేసు శైలజ రిపోర్టు వల్ల కోర్టులో వీగిపోయింది. అప్పట్నుంచి ఆమె ఎదురుపడితే అతని మర్యాద మరీ ఎక్కువవుతుంది.

"దయచెయ్యండి శైలజ గారూ. ముద్దాయి దొరికాక డిటెక్టివ్‌లు రావడం మా జిల్లాలోనే చూస్తాం."

"ముద్దాయి దొరికాడు. బిళ్ళ దొరికిందా?"

"అది కూడా చెప్తాడు."

"మూడు రోజులైంది. తెలిసినవాడైతే ఈపాటికి చెప్పేవాడు."

మురళీమోహన్ పక్కకు తప్పుకున్నాడు. గదిలో ల్యాబ్ అధిపతి ప్రొఫెసర్ నారాయణమూర్తి ఉన్నాడు. వచ్చే ఏడాది పదవీ విరమణ చేయబోయే మనిషి. ఈ ల్యాబ్ పరికరాలు, వాటిని నడిపే ప్రోగ్రాము అన్నీ ఆయన చేతి మీదుగా తయారైనవే. నూట నలభై కాలేజీల పిల్లలు దీన్ని వాడతారని తనిఖీ అధికారులే ఆయన్ని పొగుడుతూ ఉంటారు. శైలజ నమస్కారం పెడితే ఆయన తిరిగి పెట్టాడు గాని ఆమె ముఖంలోకి చూడలేదు.

ఆమె గదిని చూడటం మొదలుపెట్టింది. ఆరు బల్లలు, ఒక్కోదానికి ఒక్కో కెమెరా. కిటికీలకు ఇనప కమ్మీలు, వాటి మీద పాత దుమ్ము కదలకుండా ఉంది. వచ్చినవాడు తలుపులోంచే వచ్చాడు. నాలుగో బల్ల మీద సీసపు పెట్టె చూసి ఆమె ఆగిపోయింది. గోడలు నాలుగు వేళ్ళ మందం ఉన్నాయి. రెండు చేతులతో ఎత్తబోతే బల్ల మీంచి కదల్లేదు.

తలుపు రికార్డు అడిగింది. తలుపు తెరిచే కార్డులు రెండే, ఒకటి నారాయణమూర్తిది, ఒకటి లక్ష్ముడిది. పదమూడో తేదీన లక్ష్ముడి కార్డు అసలు వాడలేదు. ఆరోజు అతను సెలవులో ఉన్నాడు, అరసవల్లిలో బంధువుల గృహప్రవేశానికి వెళ్ళాడు. ప్రొఫెసరు కార్డు మాత్రం పదకొండూ రెండుకీ, మళ్ళీ పదకొండూ నలభై నాలుగుకీ పడింది.

"పదమూడో తేదీ ఎందుకు తవ్వుతున్నారు?" అన్నాడు మురళీమోహన్. "ఇరవై నాలుగు సాయంత్రం దాకా బిళ్ళ పెట్టెలోనే ఉంది. రెండొందల మంది పిల్లల కొలతలే సాక్ష్యం."

"ఆ సాక్ష్యాన్ని మీ ముందే విచారిద్దాం. మంగళవారం మీరు సీలు వేసిన సర్వర్ని పావుగంట నడపనివ్వండి."

"అక్కర్లేదు," అన్నాడు నారాయణమూర్తి. ఆ మాట మరీ తొందరగా వచ్చింది. సీఐ కూడా తలతిప్పి ఆయన్ని చూశాడు. బహుశా అందుకే సీలు తీయించడానికి ఒప్పుకున్నాడు.

ఒంటిగంటా పదికి శైలజ దేవికి ఫోను చేసి స్పీకరులో పెట్టింది. నాలుగో ప్రయోగం తెరవమంది. బల్ల మీద మోటారు గుర్రుమంది. గొట్టం పట్టాల మీద నెమ్మదిగా జరిగి ముప్ఫై సెంటీమీటర్ల దగ్గర ఆగింది. శైలజ సీసపు పెట్టె మూత తీసి పక్కన పెట్టింది. లోపల ఖాళీ.

"ఎంత వచ్చింది దేవీ?"

"తొమ్మిదివేల ఎనిమిదివందల ఆరు మేడం."

మురళీమోహన్ ఖాళీ పెట్టెలోకి తొంగిచూశాడు. ఇన్నేళ్ళు బిళ్ళ ఉన్న చోటు కదా, ఆ ప్రభావం ఏదైనా మిగిలి ఉందేమో అన్నాడు. శైలజ గొట్టం వెనక ఉన్న తీగను ఊడబీకి అతని చేతిలో పెట్టింది. ఇప్పుడా గొట్టానికి ఏ యంత్రంతోనూ సంబంధం లేదు.

"మళ్ళీ చూడు దేవీ."

నిమిషం గడిచింది. "తొమ్మిదివేల ఏడువందల తొంబై ఒకటి."

మురళీమోహన్ చేతిలోని తీగ చివర చూసుకున్నాడు. "మరి ఇది ఎక్కణ్ణుంచి వస్తన్నాది?" అన్నాడు. మర్యాద పక్కకు పోయి అతని ఊరి మాట బయటపడింది.

"సర్వర్లోంచి. కొలత కాదది. సూత్రం వేసి పుట్టిస్తున్న అంకె. దూరం ఎంతో చూసుకుని, దానికి తగిన లెక్క కట్టి, కాస్త అటూఇటూ చేసి పిల్లలకు పంపుతోంది. మీరు సాక్ష్యం అనుకున్న రెండొందల కొలతల్లో పదమూడో తేదీ పదకొండూ నలభై నాలుగు తర్వాత వచ్చినవి ఏవీ కొలతలు కావు. ఆరోజు పదకొండూ ఆరుకి బిళ్ళ పోయింది. లక్ష్ముడు ఆ సమయానికి అరసవల్లిలో ఉన్నాడు." ఆమె నారాయణమూర్తి వైపు తిరిగింది. "ఈ ప్రోగ్రాము రాయగలిగినవారు ఈ కాలేజీలో ఎందరున్నారు సార్?"

ఆయన స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు. తనొక్కడేనని చెప్పాడు.

ఆరోజు ఆయన పదీ నలభై నుంచి పదకొండూ నలభై దాకా క్లాసులో ఉన్నాడు, అరవై మంది పిల్లల ముందు. క్లాసు అయ్యాక తన గదిలో తెర మీద దేవి అంకెలు చూశాడు. పరుగున వచ్చి పెట్టె తెరిచాడు. బిళ్ళ లేదు. మర్నాటి నుంచి నూట నలభై కాలేజీలకు ప్రాక్టికల్ పరీక్షలు. ఒక్క రోజు కోసమని ఆ సూత్రం పెట్టాడు. ఆ ఒక్క రోజు పదకొండు రోజులైంది. దేవి స్లాటు రద్దు చేసి, ఆమె అంకెలు చెల్లవని ఆమె కాలేజీకి మెయిలు పంపిందీ ఆయనే. మంగళవారం పోలీసులు సర్వర్‌కి సీలు వేయడంతో సూత్రం చెరిపే వీలు లేకపోయింది.

మురళీమోహన్ జేబులోంచి ఫోను తీశాడు. శైలజ ఆగమన్నట్టు చెయ్యి ఎత్తింది. ఆమె మనసు ఇంకా ఆ పెట్టె దగ్గరే ఉంది.

"సార్, రిజిస్టర్లో ఉన్న బిళ్ళ చాలా చిన్నది. పిల్లల ప్రయోగానికి ఇచ్చే రకం. చొక్కా జేబులో వేసుకు తిరిగినా పెద్దగా ఏమీ కాదు. దాన్ని నాలుగు వేళ్ళ మందం సీసంలో పెట్టి, గుండుసూదంత రంధ్రంలోంచి ముప్ఫై సెంటీమీటర్ల దూరాన కొలిస్తే నిమిషానికి తొమ్మిదివేలు రావు. తొంభై కూడా రావు. ఆ పెట్టెలో ఉన్నది ఏమిటి?"

నారాయణమూర్తి లేచి, పక్కనే ఉన్న తన గదికి వెళ్ళి, చిన్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. డబ్బాలో రూపాయంత నారింజ రంగు బిళ్ళ ఉంది. దాని మీది నంబరు రిజిస్టర్లో ఉన్న నంబరే.

మురళీమోహన్‌కి సంగతి బోధపడటానికి కొంత సమయం పట్టింది. మూడు రోజులుగా అతను వెతుకుతున్న వస్తువు, లక్ష్ముడు దొంగిలించాడని రాసిన వస్తువు, అసలు పోనేలేదు.

"ఇది పెడితే ఒక్కో కొలతకి పది నిమిషాలు పట్టేది," అన్నాడు నారాయణమూర్తి. "పల్లెల్లో పిల్లలకి నెట్ పది నిమిషాలు ఆగదు. సగంలో తెగిపోయి మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టేవారు, ఏడ్చేవారు. మూతబడిన ఫ్యాక్టరీ ఒకదాంట్లో మందం కొలిచే పాత గేజిలో బిళ్ళ ఉందని తెలిసింది. దీనికి వేల రెట్లు బలమైనది. తుక్కుతోపాటు పోయేదాన్ని నేనే తెచ్చాను. ఆ సీసపు పెట్టె దాని కోసమే చేయించాను. రిమోట్ ల్యాబ్ కదా, గదిలో ఎవరూ ఉండరు కదా అనుకున్నాను."

"లక్ష్ముడు ఉంటాడు," అంది శైలజ. "రోజూ తుడుస్తాడు."

ఆయన డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టాడు.

"చిన్న బిళ్ళ పెట్టెలో పెట్టేసి దొరికిందని చెప్పి ఉండొచ్చు. లక్ష్ముడు ఇంటికెళ్ళేవాడు," అన్నాడు మురళీమోహన్. అతని గొంతులో కోపంకన్నా ఆశ్చర్యం ఎక్కువ ఉంది.

"చెప్తే మీరు వెతకడం ఆపేస్తారు. అది బయటే ఉండిపోతుంది. అదేమిటో చెప్పకుండా దాన్ని వెతికించాలనుకున్నాను. అందుకు లక్ష్ముడు లోపల ఉండాల్సి వచ్చింది."

శైలజకు ఆ మనిషి మీద జాలి కలిగింది, ఆ జాలి మీద ఆమెకే చిరాకు కలిగింది. పల్లె పిల్లల కోసం తెచ్చానంటున్న బిళ్ళ కోసం ఒక పల్లె పిల్లకి సున్నా వేయించాడు, ఒక అటెండర్ని లాకప్పులో కూర్చోబెట్టాడు. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఆ ముఖంలో ఉన్న నీరసం నేరం బయటపడిందని వచ్చింది కాదు, రెండు వారాలుగా నిద్రలేక వచ్చింది.

పదమూడున పదకొండుకి కార్డు ఎవరికిచ్చారని అడిగింది. గోవింద్‌కి అన్నాడాయన. గోవింద్ ల్యాబులో కంప్యూటర్ సహాయకుడు. కెమెరా అద్దాలు తుడవాలని అడిగి తీసుకుని, క్లాసు అయ్యేసరికి తిరిగిచ్చేశాడట. బిళ్ళ పోయాక నిలదీస్తే దేవుడి మీద ఒట్టేశాడు. పదిహేడు నుంచి కాలేజీకి రావడం లేదు, జ్వరం, వాంతులు అని సెలవు చీటీ పంపాడు. ఫోను తీయడం లేదు.

రేడియేషన్ తగిలినవాళ్ళలో మొదట కనిపించేవి అవేనని శైలజకు తెలుసు.

"గోవింద్ ఊరేది?"

"బొబ్బిలి."

ఆ పేరు వినగానే మురళీమోహన్ ఉలిక్కిపడ్డాడు. బొబ్బిలి వైపు నుంచి ఈ రెండు వారాల్లో రెండు ఫిర్యాదులు వచ్చాయని చెప్పాడు. రైస్ పుల్లింగ్ ముఠా. పాతకాలపు రాగి పాత్రకి బియ్యపు గింజల్ని లాగే శక్తి ఉందని, లోపల అరుదైన ధాతువు ఉందని, విదేశాల వాళ్ళు కోట్లు పెట్టి కొంటారని నమ్మించి రైతుల పొలాలు అమ్మించే మోసం అది. ఎప్పుడూ ఉండేదే. ఈసారి కొత్తగా వాళ్ళు ఒక మీటరు తెచ్చి పాత్ర దగ్గర పెడుతున్నారు. మీటరు కూస్తోంది. చదువుకున్నవాళ్ళు కూడా నమ్ముతున్నారు.

"మీటర్లోనే ఏదో కిటుకు ఉందనుకున్నాను," అన్నాడు.

"మీటరు నిజమైనదే. కిటుకు పాత్ర అడుగున ఉంది."

సెలవు చీటీ మీద గోవింద్ భార్య శ్రావణి నంబరు ఉంది. శైలజ డయల్ చేసి స్పీకరులో పెట్టింది. నాలుగో రింగుకి ఆమె ఎత్తింది. కాలేజీ నుంచి అనగానే గొంతు బెంగగా మారింది. గోవింద్ మొన్నట్నుంచి విశాఖలో ఆసుపత్రిలో ఉన్నాడట. కుడి తొడ మీద, సరిగ్గా ప్యాంటు జేబు ఉండేచోట, రూపాయి బిళ్ళంత మచ్చ లేచి, పుండై, కాలినట్టు నల్లబడింది. ఏదో పురుగు కుట్టిందనుకున్నారు. అతనితో వాళ్ళన్నయ్య వెళ్ళాడు. ఇంట్లో ఉన్నది తనూ, మంచం దిగలేని అత్తగారూ మాత్రమే.

శైలజ గొంతు మామూలుగా ఉంచుకుంది. ఈమధ్య గోవింద్ ఇంటికి ఏమైనా తెచ్చాడా అని అడిగింది.

"రాగి సెంబొకటి తెచ్చినాడండి. రామతీర్థం కొండ కాడ దొరికినాదంట, బుద్దుడి నాటిదంట. ముట్టొద్దని అటకెక్కించినాడు. మా అత్తకి రాగి సెంబులో నీల్లు మంచియని, ఆయన ఆసుపత్రికెల్లక ముందే దింపీసినాను. తోమినా అడుగున ఏదో అంటు పోలేదు."

"అత్తగారికి ఒంట్లో ఎలా ఉంది?"

"నాలుగు రోజుల్నుంచి వాంతులండి. ముసిలి పానం కదా."

"చెంబు ఇప్పుడెక్కడుంది శ్రావణీ?"

"ఆవిడ తలగడ కాడే. రేత్రీ పగలూ అక్కడే ఉంటాది."

నారాయణమూర్తి నాలుగో బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఎవరూ చెప్పకుండానే సీసపు పెట్టెను చేతులతో చుట్టి పట్టుకుని లాగాడు. మొదటిసారి కదల్లేదు. రెండోసారి బల్ల అంచుదాకా వచ్చింది. మురళీమోహన్ బొబ్బిలి స్టేషనుకి ఫోను కలుపుతున్నాడు. ముందు నువ్వు ఆ గదిలోంచి బయటికి రా, చెంబుని ముట్టుకోకు, ఇరుగుపొరుగుల్ని పిలిచి అత్తగారిని మంచంతో సహా బయటికి మోయించు అని శైలజ చెబుతుండగానే అవతల కుక్క మొరిగింది. శ్రావణి ఒక్క క్షణం ఆగమంది. దూరంగా మగ గొంతులు వినబడ్డాయి. మళ్ళీ ఆమె గొంతు వచ్చినప్పుడు గుసగుసలా ఉంది.

"ఎవులో ముగ్గురు కారు దిగినారు మేడం. సెంబు కోసమొచ్చినారంట. ఆయన మాటిచ్చినాడంట. ఇచ్చీమంటారా?"

శైలజ ఫోను మీద అరచెయ్యి పెట్టి సీఐ వైపు చూసింది. మురళీమోహన్ తల అడ్డంగా ఊపాడు. మాటల్లో పెట్టమనండి, ఇరవై నిమిషాల్లో మావాళ్ళు చేరతారు, చేజారితే ఏ జిల్లాలో తేలుతుందో తెలీదు అన్నాడు. అతను చెప్పింది తప్పు కాదు. కానీ ఆ ఇరవై నిమిషాలూ ఆ ముగ్గురి ఎదుట నిలబడాల్సింది ఒంటరి ఆడమనిషి. ఆమె వెనక మంచం దిగలేని ముసలమ్మ, ముసలమ్మ తల పక్కన ఆ చెంబు. శైలజ చెయ్యి తీసింది.

"ఇచ్చెయ్ శ్రావణీ. నువ్వు మాత్రం ముట్టుకోకు, గదిలోకి వెళ్ళి వాళ్ళనే తీసుకోమను. వాళ్ళు వెళ్ళేటప్పుడు కారు నంబరు చూడు. ఫోను పెట్టెయ్యకు."

మురళీమోహన్ ఆమెను చూసిన చూపులో రెండేళ్ళ నాటి కేసు కూడా ఉంది. పెన్ను తీసి, అరచేతిలో రాసుకోవడానికి సిద్ధంగా నిలబడ్డాడు.

ఫోనులో తలుపు చప్పుడైంది. నీళ్ళు పారబోసిన చప్పుడు. ముసలమ్మ ఎవరినో నెమ్మదిగా తిట్టింది. అడుగుల సవ్వడి దూరమైంది. కారు తలుపులు పడ్డాయి, ఇంజను కదిలింది. నిమిషం తర్వాత శ్రావణి రొప్పుతూ వచ్చి నంబరు చెప్పింది. తెల్ల కారు, పార్వతీపురం రోడ్డెక్కింది. మురళీమోహన్ నంబరు రాసుకుని గుమ్మం దాటుతూనే వైర్‌లెస్‌లో చెప్పడం మొదలుపెట్టాడు. నారాయణమూర్తి సీసపు పెట్టెను గుండెకు హత్తుకుని మెట్ల వైపు ఒక్కో అడుగూ వేస్తున్నాడు.

బాగా చేశావని, ఇక అత్తగారిని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలని, అంబులెన్సు తనే పంపుతానని శైలజ చెప్పింది. శ్రావణి ఊఁ కొట్టింది గాని, ఆమె మనసు మరెక్కడో ఉన్నట్టు తోచింది.

"ఏమైంది శ్రావణీ?"

"కారులో సంటిదొకత్తి ఉన్నాది మేడం. నాలుగేళ్ళుంటాయేటో. సెంబు దొర్లిపోద్దని దాని ఒల్లో ఎట్టి, రెండు సేతులా గట్టిగా పట్టుకోమన్నారు."